ఆయన పాడినప్పుడూ నటించాడు: అమెరికా టీవీ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అమెరికాలో టీవీ నెట్‌వర్క్‌లు నడిపే పెద్దలకు, పోలీసు సీరియళ్లు తీసే నిర్మాతలకు, ఏ వేషం ఎవరికివ్వాలో తేల్చే కాస్టింగ్ డైరెక్టర్లకు,

నమస్కారం.

నేను రాస్తున్నది ర్యాపర్, నటుడు ఐస్-టి గురించి. 2000లో ఎన్‌బీసీలో 'లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్' రెండో సీజన్‌లో డిటెక్టివ్ ఫిన్ టుటువోలాగా వచ్చాడు. మొదట నాలుగు ఎపిసోడ్లకే ఒప్పుకున్నానని ఆయనే చెప్పాడు, తీరా చూస్తే ఇరవై ఏళ్లు దాటినా అక్కడే ఉండిపోయాడు. ఆయన పేరెత్తితే చాలు, అందరూ ఒకటే కథ చెబుతారు. పోలీసుల్ని చంపుతానని పాడినవాడు చివరికి టీవీలో పోలీసయ్యాడు, మనిషి ఎంత మారిపోయాడో చూడండి అని. మీకూ ఆ కథంటే ఇష్టమే, ఎందుకంటే అందులో ఆయన్ని మార్చిన పుణ్యం మీకు దక్కుతుంది. నాకు మాత్రం ఆ కథ వింటే కోపం వస్తుంది. అది నిజం కాదు, పైగా జనం దాన్ని నమ్మినంత కాలం అమెరికా కోర్టుల్లో కుర్రాళ్లు రాసుకున్న పాటలు వాళ్ల మెడకే చుట్టుకుంటూ ఉంటాయి. ఈ రెండిటికీ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ లేఖ.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీ సీరియళ్లు చూసేవాళ్లలో మేమూ ఉన్నాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు జ్యూరీ డ్యూటీ పిలుపులు, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల్లో ఒకరిగా కూర్చోమని పిలుపులు వస్తున్నాయి, వెళ్లి కూర్చుంటున్నారు కూడా. ఏది సాక్ష్యం, ఏది కాదు, నేరం ఎలా రుజువవుతుంది అనే విషయాల్లో చాలామందికి తెలిసిందల్లా మీ సీరియళ్లలో చూసిందే. రేపు ఒక తెలుగు మనిషి ఆ పన్నెండు మందిలో ఒకడై కూర్చున్నప్పుడు, ప్రాసిక్యూటర్ లేచి నిందితుడు రాసుకున్న ర్యాప్ పాట చదివితే ఏమనుకోవాలి? ఆ జవాబు సగం మీరే తయారు చేసి పెట్టారు.

ముందు ఏది ముందో ఏది వెనకో చూద్దాం. 'న్యూ జాక్ సిటీ' అనే సినిమా 1991 మార్చిలో వచ్చింది. అందులో ఐస్-టి డ్రగ్స్ ముఠా వెంటపడే డిటెక్టివ్. ఆయన బ్యాండ్ బాడీ కౌంట్ తొలి ఆల్బమ్, అందులో ఆ గొడవంతా రేపిన 'కాప్ కిల్లర్' పాటతో సహా, 1992 మార్చిలో వచ్చింది. అంటే తెర మీద పోలీసు వేషమే ముందు, పోలీసుల మీద పగబట్టినవాడి వేషం రికార్డుగా వచ్చింది ఏడాది తర్వాత. మారిపోయాడన్న కథ ఈ తేదీల దగ్గరే కూలిపోతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి, దాదాపు ఒకే కాలంలో, రెండు ఎదురెదురు పాత్రల్లోకి దూరాడు. నటుడు చేసే పనే అది.

ఆ పాట ఏ సమయంలో జనం చెవిన పడిందో కూడా గుర్తు చేసుకోవాలి. 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్ పోలీసులు రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి నడిరోడ్డు మీద కొడుతుంటే ఎదురింటి వ్యక్తి వీడియో తీశాడు, దాన్ని దేశమంతా టీవీలో చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ కేసులో నలుగురు పోలీసులనూ జ్యూరీ దాదాపు అన్ని అభియోగాల నుంచీ వదిలేసింది. ఆ రోజు మొదలై నగరం తగలబడింది, అరవై మందికి పైగా చనిపోయారు. పొగ ఇంకా ఆరకముందే, జూన్‌లో, టెక్సాస్ పోలీసు సంఘాలు ఆ ఆల్బమ్ మీద పడ్డాయి. దాన్ని అమ్ముతున్న టైమ్ వార్నర్ కంపెనీ సరుకు ఏదీ కొనొద్దని పిలుపిచ్చాయి. అది ఎన్నికల సంవత్సరం. అధ్యక్షుడు జార్జ్ బుష్, ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఇద్దరూ తలో మాట అన్నారు. జూలైలో కంపెనీ వాటాదారుల సమావేశంలో నటుడు చార్ల్టన్ హెస్టన్ లేచి నిలబడి ఆ ఆల్బమ్‌లోని పాటల మాటలు గట్టిగా చదివి వినిపించాడు. కంపెనీ ఉద్యోగులకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. జూలై 28న ఐస్-టి తనంతట తనే ఆ పాటను ఆల్బమ్ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించాడు, మరుసటి ఏడాది జనవరికల్లా ఆ కంపెనీతో ఆయనకు తెగిపోయింది.

హెస్టన్ దగ్గర నేను కాసేపు ఆగుతాను. జీవితమంతా వేషాలు కట్టి బతికిన మనిషి. తెర మీద ప్రవక్తగా నిలబడ్డాడు, రథాలు తోలాడు, రాజుల బట్టలు వేసుకున్నాడు. తన నోట వచ్చిన డైలాగులన్నీ తన సొంత మాటలని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడా? ఒప్పుకోడు. ఇంకొకరి పాటలో 'నేను' అన్న మాట వచ్చేసరికి మాత్రం అది పాత్ర మాట అని ఆయనకు తట్టలేదు. ఐస్-టి అప్పుడే చెప్పాడు, ఆ పాట పాడేది పోలీసుల దౌర్జన్యంతో విసిగిపోయిన ఒక పాత్ర అని. నన్ను పోలీసుల్ని చంపేవాడని నమ్మితే డేవిడ్ బోవీని వ్యోమగామి అని నమ్మినట్టే అన్నాడు. ఎవరూ వినలేదు.

ఆ గొడవలో జనం మరిచిపోయిన సంగతులు రెండున్నాయి. ఒకటి, పోలీసులంతా ఒకవైపు లేరు. నేషనల్ బ్లాక్ పోలీస్ అసోసియేషన్, అంటే యూనిఫాం వేసుకున్న నల్లజాతి అధికారుల సంఘమే, ఆ బాయ్‌కాట్‌ను వ్యతిరేకించింది. వాళ్లకు ఆ కోపం ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసు, ఎందుకంటే వాళ్లు రెండు వైపులా బతుకుతున్నారు. రెండోది, అసలా పాట ర్యాప్ కాదు. గిటార్లు, డ్రమ్ములు, అరుపులతో సాగే మెటల్ పాట అది. బాడీ కౌంట్ మెటల్ బ్యాండ్, 2021లో గ్రామీ వచ్చింది కూడా మెటల్ విభాగంలోనే. అయినా వార్తలన్నిటిలో, ప్రసంగాలన్నిటిలో దాన్ని ర్యాప్ అనే పిలిచారు. పాడినవాడు నల్లవాడు, అంతకుముందు ర్యాపర్, అంతే, ఇక చెవులతో పని లేకుండా పోయింది.

దీన్ని నా ఊహగా కొట్టిపారేయకండి. క్యారీ ఫ్రీడ్ అనే పరిశోధకురాలు 1996లో ఒక పరిశీలన ప్రచురించింది. 1960లో కింగ్‌స్టన్ ట్రయో అనే జానపద గాయకుల బృందం పాడిన ఒక పాటలోంచి కొన్ని మాటలు తీసుకుంది. అది కూడా పోలీసు డిప్యూటీని కాల్చి చంపినవాడు పాడే పాటే. ఆ మాటలనే కొందరికి ర్యాప్ అని, కొందరికి కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ పాట అని చెప్పి ఇచ్చింది. ర్యాప్ అనుకుని చదివినవాళ్లకు అవి ఎక్కువ ప్రమాదకరంగా అనిపించాయి, ఇలాంటి వాటిని అదుపు చేయాలనీ అనిపించింది. మాటలు మారలేదు, పైన అంటించిన పేరు మారింది. 2016లో మరికొందరు పరిశోధకులు మళ్లీ చేసి చూసినా అదే తేలింది.

కంట్రీ గాయకుడు జానీ క్యాష్ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. రెనో అనే ఊళ్లో ఒక మనిషిని, వాడు చస్తుంటే చూడాలని మాత్రమే కాల్చి చంపానని పాడాడు, 1955లో. 1968లో ఫోల్సమ్ జైలుకే వెళ్లి ఖైదీల ముందు అదే పాట పాడాడు, ఆ రికార్డు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే ఏబీసీ ఆయన పేరు మీద ఒక టీవీ షో ఇచ్చింది, 1971 దాకా నడిచింది. ఆయన్ని ఎవరూ మారిన హంతకుడు అనలేదు. రెనోలో చనిపోయిందెవరని అడిగినవాళ్లు లేరు. పాటలో 'నేను' వేరు, పాడేవాడు వేరు అన్న తెలివి ఆ రోజుల్లోనే అందరికీ ఉంది. ఉన్న తెలివిని కొందరి విషయంలో పక్కన పెడుతున్నారు.

పద్యనాటకం చూసి పెరిగిన మాకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. దుర్యోధనుడి వేషం కట్టినవాడు సభలో ఎంత కర్కశంగా పద్యం అందుకుంటే అంత గొప్ప నటుడంటాం, వన్స్ మోర్ అని మళ్లీ పాడించుకుంటాం. ఆ కర్కశత్వం అతని ఇంటిది అనుకోం.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. 'లా అండ్ ఆర్డర్' సీరియళ్లలో అప్పటికప్పుడు వార్తల్లో నలుగుతున్న కేసుల్లోంచి కథ అల్లినప్పుడు ముందుగా తెర మీద ఒక అట్ట వేస్తారు: ఈ కథ కల్పితం, నిజమైన ఏ వ్యక్తినీ, సంఘటననూ చూపించడం లేదు అని. నిన్న పేపర్లో చదివిన కేసే ఇవాళ మీ కథలో ఉందని చూసేవాళ్లందరికీ తెలుసు. అయినా ఆ రెండు ముక్కలు మీకు రక్ష. రచయిత, నటుడు, నిర్మాత ముగ్గురూ దాని నీడలో నిశ్చింతగా ఉంటారు. ఐస్-టి తొలి ఆల్బమ్‌కు, 1987లో, అంటించింది కూడా ఒక స్టిక్కరే. కానీ ఆ స్టిక్కర్ చెప్పింది ఇది కల్పితమని కాదు, పిల్లల్ని దూరంగా ఉంచండని. ఒకరి కల్పనకు రక్షణ చీటీ, ఇంకొకరి కల్పనకు హెచ్చరిక చీటీ. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ తేడా గురించే.

మీరు ఆయనకు వేషాలిచ్చిన వరస చూసినా ఇది తెలుస్తుంది. 'లా అండ్ ఆర్డర్' సీరియళ్ల సృష్టికర్త డిక్ వోల్ఫ్ 1995లో 'న్యూయార్క్ అండర్‌కవర్'లో ఆయన్ని తీసుకుని నేరస్థుడి పాత్ర ఇచ్చాడు. ఎన్‌బీసీలో 1997లో వచ్చిన 'ప్లేయర్స్'లో ఎఫ్‌బీఐకి సాయం చేసే మాజీ ఖైదీ. 1998లో 'ఎగ్జైల్డ్' అనే టీవీ సినిమాలో అమ్మాయిలతో వ్యాపారం చేయించేవాడు. ఆ తర్వాతే ఫిన్. దొంగ, దొంగతనం మానేసిన దొంగ, మళ్లీ దొంగ, చివరికి పోలీసు. ఇందులో డిక్ వోల్ఫ్‌ను తప్పు పట్టడం లేదు, 1992 గొడవ ఇంకా పచ్చిగా ఉండగానే ఆయన్ని పిలిచి పని ఇవ్వడానికి ధైర్యం కావాలి, ఆ మెచ్చుకోలు ఆయనకు దక్కాల్సిందే. నా బాధ దారి ఇంత ఇరుకుగా ఉండటం గురించి. వివాదంలో చిక్కుకున్న ర్యాపర్‌కు మీ దగ్గర తెరుచుకునే తలుపులు రెండే, తుపాకీ పట్టుకున్న తలుపు, బ్యాడ్జి పెట్టుకున్న తలుపు. బ్యాడ్జి పెట్టుకుంటే క్షమించినట్టు. విల్ స్మిత్‌కు 1990లో కామెడీ ఇచ్చారు, క్వీన్ లతీఫాను 1993లో పత్రిక నడిపే ఆమెగా చూపించారు, బాగుంది, కానీ వాళ్ల పాటలు ఎవరినీ భయపెట్టలేదు. ఇంకో ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జే 2009 నుంచి 2023 దాకా టీవీ సీరియల్లో ఫెడరల్ ఏజెంటే. 'పవర్ బుక్ టూ' సీరియల్లో ర్యాపర్ మెథడ్ మ్యాన్‌ను లాయర్‌గా చూసినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో! కోటు వేసుకుని కోర్టులో మాటలతో ఆడుకునే పాత్ర అది, మాటలతో ఆడుకోవడమే కదా ఆయన చేస్తూ వచ్చింది.

ఆ మాటకొస్తే ఫిన్ పక్కన ఏళ్ల తరబడి జోడీగా నటించిన రిచర్డ్ బెల్జర్ కూడా నటన స్కూలు నుంచి రాలేదు, స్టాండప్ కామెడీ నుంచి వచ్చాడు. స్టేజి మీద ఆయన అన్న మాటలు తీసుకొచ్చి, ఇవన్నీ నీ మనసులో మాటలేనా, ఇప్పుడు మారావా అని ఎవరూ నిలదీయలేదు. స్టేజి మీద నేర్చుకున్న టైమింగ్ టీవీలో పనికొచ్చిందన్నారు, నిజమే. ఐస్-టి విషయంలోనూ జరిగింది అదే. మూడు నిమిషాల్లో ఒక మనిషిని నిలబెట్టాలి, వాడి గొంతు, వాడి నడక, వాడి భయం, అంతా ఒక్క గొంతుతో. 1986 నుంచే పొద్దున్నే తలుపు మీద పోలీసుల దెబ్బలు విని పారిపోయేవాడి కథలు చెబుతున్నవాడికి, ఇంటరాగేషన్ గదిలో టేబుల్‌కు ఇవతల కూర్చోవడం ఎలాగో వేరే నేర్పాలా? ఫిన్‌లో నాకు నచ్చేది గట్టిగా మాట్లాడకపోవడం. కొడుకు స్వలింగ సంపర్కుడని తెలిసిన తర్వాత ఆ తండ్రి తడబడటం, మాట దొరక్క నిలబడిపోవడం, తర్వాత మెల్లగా కొడుకు పక్కకు వచ్చి నిలబడటం, ఇవన్నీ సీజన్ల మీద సీజన్లు ఓపిగ్గా చేశాడు. అది మీరు నేర్పిన విద్య కాదు, ఆయన వెంట తెచ్చుకున్నది.

ఇక్కడ ఒక ఆడదానిగా మీతో ఇంకొంచెం గట్టిగా మాట్లాడాలి. స్పెషల్ విక్టిమ్స్ యూనిట్ అంటేనే లైంగిక హింసకు గురైనవాళ్ల కేసులు చూసే విభాగం. ఐస్-టి పేరే ఐస్‌బర్గ్ స్లిమ్ అనే, ఒకప్పుడు ఆడవాళ్లతో వ్యాపారం చేయించి తర్వాత రచయితైన మనిషి పేరు మీదుగా వచ్చింది. తొలి రికార్డుల్లో ఆడవాళ్ల గురించి ఆయన పాడిన మాటలు చాలా చోట్ల నాకు రుచించవు, ఆల్బమ్ అట్టల మీద వాళ్లను చూపించిన తీరు కూడా నచ్చదు. మరి 1992లో అంత గొడవ జరిగితే అధ్యక్షుడు నోరు విప్పింది దేనికి? పోలీసుల మీద పాటకు. ఆడవాళ్ల మీద పాటలకు కాదు. సి. డెలోరెస్ టక్కర్ అనే నల్లజాతి నాయకురాలు ఆ తర్వాతి ఏళ్లలో ర్యాప్‌లో ఆడవాళ్లను కించపరచడం మీద గట్టిగా పోరాడింది, ఆవిడ చెప్పిన పద్ధతులన్నీ నాకు సమ్మతం కాకపోయినా బాధ మాత్రం నిజమైనది. ఆ బాధను మీరు మీ కథలకు కూడా వర్తింపజేసుకోండి, వారం వారం ఆడవాళ్ల శవాలతో, గాయాలతో ఎపిసోడ్ మొదలుపెట్టేది మీరే. పాట కల్పన అయినంత మాత్రాన దాన్ని విమర్శించకూడదని నేననడం లేదు. విమర్శించండి, కొనకండి, వ్యాసాలు రాయండి, మొహం మీద చెప్పండి. విమర్శ వేరు, ఆ పాటనే వాంగ్మూలంగా మార్చి మనిషిని జైల్లో పెట్టడం వేరు.

ఆ రెండోదే ఇప్పుడు జరుగుతోంది. న్యూజెర్సీలో ఒక హత్యాయత్నం కేసులో ప్రాసిక్యూటర్లు నిందితుడి నోట్‌బుక్కుల్లోంచి పదమూడు పేజీల ర్యాప్ పాటలు జ్యూరీకి చదివి వినిపించారు. వాటిలో చాలావరకు ఆ కాల్పులకు ఎన్నో ఏళ్ల ముందు రాసుకున్నవి, ఆ ఘటనకు, ఆ బాధితుడికి ఏ సంబంధమూ లేనివి. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. బాబ్ మార్లీ పాట విని అతను నిజంగా షెరీఫ్‌ను కాల్చాడని ఎవరూ అనుకోరు, ఎడ్గర్ ఆలెన్ పో కథ చదివి ఆయన నిజంగా శవాన్ని నేల కింద పాతిపెట్టాడని ఎవరూ అనుకోరు అని తీర్పులోనే రాసింది. అంత స్పష్టంగా చెప్పినా అది ఒక రాష్ట్రం మాట మాత్రమే. జార్జియాలో ర్యాపర్ యంగ్ థగ్ కేసు మీకు తెలిసిందే. 2022 మేలో అరెస్టయ్యాడు, 2023 నవంబరులో జడ్జి ఆయన పాటల్లోంచి పదిహేడు ముక్కలను షరతులతో విచారణలో వాడుకోవచ్చన్నాడు. 2024 అక్టోబరు చివర్లో ఆయన కొన్ని అభియోగాలు ఒప్పుకుని బయటికొచ్చాడు. ఆయన తప్పు చేశాడా లేదా అని నేను తేల్చడం లేదు, అది వేరే సాక్ష్యాలతో తేలాల్సిన సంగతి. పాట సాక్షిగా బోనెక్కకూడదు, అంతే నేననేది.

పేరున్నవాడికి మంచి లాయర్లు ఉంటారు, పత్రికలు రాస్తాయి, అభిమానులు బయట నిలబడతారు. ఎక్కడో ఒక గదిలో ఫోన్‌లో రికార్డు చేసుకుని, వందమంది కూడా వినని పాట పెట్టుకున్న పందొమ్మిదేళ్లవాడికి ఎవరుంటారు? వాడి తరఫున సర్కారు ఇచ్చిన లాయర్ ఉంటాడు, ఆయన చేతిలో ఇంకో యాభై కేసులుంటాయి. జ్యూరీలో కూర్చున్నవాళ్లు ఆ భాష ఎప్పుడూ విననివాళ్లు. పాటలో తుపాకీ ఉంటే వాడి చేతిలో తుపాకీ కనిపిస్తుంది.

మీలో కొందరు అడుగుతారని తెలుసు: ర్యాపర్లే కదా మేం పాడేదంతా నిజం, మేం బతికిందే పాడుతున్నాం అని చెప్పుకునేది? అవును, చెప్పుకుంటారు. ఐస్-టి కూడా యవ్వనంలో దొంగతనాలు చేశానని దాచకుండా చెప్పాడు, సైన్యంలోనూ పనిచేశాడు. ఆ అనుభవం పాటల్లోకి వచ్చింది. కానీ 'నిజం' అని చెప్పుకోవడం కూడా ఆ కళలో భాగమే, రికార్డు కంపెనీలు దాన్నే పోస్టర్ల మీద అచ్చేసి అమ్మాయి, ఎందుకంటే నిజమైన గ్యాంగ్‌స్టర్ అంటే ఇంకా ఎక్కువ కాపీలు పోతాయి. యుద్ధానికి వెళ్లొచ్చిన రచయిత నవల రాస్తే అందులో చనిపోయిన ప్రతి పాత్రకూ ఆయన్ని బాధ్యుణ్ణి చేయరు. అనుభవం లోంచి పుట్టిన కల్పన కూడా కల్పనే. ఇది మీ రచయితల గదుల్లో కూర్చున్న ఎవర్నడిగినా చెబుతారు, మాజీ పోలీసుల్ని, లాయర్లను సలహాదారులుగా పెట్టుకుని కథలు అల్లేది మీరే కాబట్టి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, కోర్టుల్ని కాదు, ముందుగా మిమ్మల్ని. ఎందుకంటే ఐస్-టి నటుడని ప్రపంచంలో అందరికన్నా బాగా రుజువు చేసింది మీరు. ఆయన్ని కెమెరా ముందు నిలబెట్టి, పోలీసుల్ని ద్వేషించే పాత్ర పాడిన గొంతుతోనే పోలీసు పాత్ర మాట్లాడించారు, రెండు దశాబ్దాలకు పైగా జనం నమ్మారు. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ నిపుణుడు తేగలడు? ఆ సాక్ష్యాన్ని మీ జేబులో పెట్టుకుని ఊరుకున్నారు.

ఆయన గురించి ఇంకోసారి ప్రోమో తయారుచేసేటప్పుడు మారిన మనిషి అన్న కథ వదిలేయండి. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు మీద నక్షత్రం పెట్టారు, అది ఆయన పాడిన పాటలకూ చేసిన వేషాలకూ కలిపి దక్కిన గౌరవమే అని నా నమ్మకం, మొదటి సగాన్ని చెరిపేసి రెండో సగానికి ఇచ్చింది కాదు. మీ సీరియళ్లలో ర్యాపర్ నిందితుడిగా వచ్చే కథ రాసుకుంటే, పాట దొరికింది కాబట్టి కేసు తేలిపోయినట్టు చూపించకండి. డిఫెన్స్ లాయర్ లేచి అది పాట అని ఎందుకంటున్నాడో, జడ్జి జ్యూరీని బయటికి పంపి ఆ వాదన ఎలా వింటాడో చూపించండి. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం అడిగేది అదే: ఇలాంటి సృజనను సాక్ష్యంగా తేవాలంటే ముందు జ్యూరీ లేనప్పుడు విచారణ జరగాలి, దానివల్ల కలిగే దురభిప్రాయం ఎంతో జడ్జి తూచి చూడాలి. డ్రామా కావాలంటే అందులోనే బోలెడంత ఉంది. వారం వారం మిమ్మల్ని చూసే లక్షల మంది రేపటి జ్యూరీ సభ్యులు ఆ ఒక్క ఎపిసోడ్‌తో నేర్చుకునేది ఏ లా కాలేజీ నేర్పలేదు.

కొత్తగా పాటల నుంచి వస్తున్నవాళ్లను ఆడిషన్‌కు పిలిచినప్పుడు టీచర్ వేషం ఇచ్చి చూడండి, డాక్టర్, బస్సు డ్రైవర్, భార్య పోయిన ముసలాయన, ఏదైనా సరే. పాత పాటలు తవ్వి భయపడే ముందు, ఆ పాటల్లో ఎన్ని గొంతులు పలికించారో వినండి, అది మీకు అందరికన్నా ముందు దొరికిన ఆడిషన్ టేపు.

ఇక అసలు పని. 2022 నవంబరులో వందల మంది కళాకారులు, వాళ్లతో పాటు పెద్ద రికార్డు కంపెనీలు కలిసి, పాటల్ని కోర్టుల్లో సాక్ష్యంగా వాడటం ఆపాలని పత్రికల్లో లేఖ వేయించారు. ముప్పై ఏళ్ల కిందట ఒక్క పాట కోసం వణికిపోయిన వ్యాపారమే అంత దూరం వచ్చింది. అదే ఏడాది జూలైలో కాంగ్రెస్‌లో ర్యాప్ యాక్ట్ అనే బిల్లు ప్రవేశపెట్టారు, ఫెడరల్ కోర్టుల్లో కళాకారుల సృజనను వాళ్ల మీదే వాడటానికి హద్దులు పెట్టే బిల్లు. అక్కడ ఆగిపోతే 2023లో మళ్లీ పెట్టారు. మళ్లీ ఆగిపోయింది. చట్టసభ సభ్యులకు పాట గురించి పాటగాళ్లు చెబితే సొంత లాభం కోసం చెబుతున్నారనుకుంటారు. పోలీసు సీరియళ్లు తీసేవాళ్లు, పోలీసు సంఘాలతో స్నేహంగా ఉండేవాళ్లు, న్యూయార్క్ వీధుల్లో షూటింగ్ కోసం పోలీసుల సాయం తీసుకునేవాళ్లు వచ్చి చెబితే ఆ మాట బరువు వేరు. విచారణ కమిటీ ముందు మీ కాస్టింగ్ డైరెక్టర్ ఒకరు కూర్చుని, మేం ఈ మనిషిని ఎందుకు తీసుకున్నామంటే పాటల్లోనే అతను ఎంత గొప్పగా వేషం కట్టగలడో చూశాం కాబట్టి అని చెబితే, దానికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం. మీకు లాయర్లున్నారు, వాషింగ్టన్‌లో మీ తరఫున తిరిగేవాళ్లున్నారు. ఆ బిల్లుకు మద్దతుగా ఒక లేఖ రాయించి మీ పేర్లతో సంతకం పెట్టండి, జార్జియా లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి కేసు పైకోర్టుకు వెళ్లినప్పుడు కోర్టుకు మీ వాదన రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
మీ సీరియళ్లూ ఆయన పాటలూ రెండూ వింటూ, చూస్తూ, పోట్లాడుతూ ఉండే ఒక తెలుగు ప్రేక్షకురాలు